వంట అయ్యాక ఎవరికి చెప్పమంటారు?



ఈ పూట ప్రోగ్రామింగ్‌లో ఉన్న ఒక చిక్కు గురించి మాట్లాడుకుందాం. చూడ్డానికి చిన్నదే. కానీ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఎదురవుతుంది, కొందరిని రిటైరయ్యేదాకా వదలదు. ఒక ఆబ్జెక్టు ఇంకో ఆబ్జెక్టును పుట్టించింది. కాసేపటికి ఆ పుట్టినదానికి, తనను పుట్టించినదానితో ఒక మాట చెప్పాల్సి వచ్చింది. ఎలా చెప్పాలి?

కంప్యూటరు చదువు చదవనివాళ్లు అప్పుడే రేడియో కట్టేయకండి. ఆబ్జెక్టు అంటే కొంత సమాచారాన్నీ, ఆ సమాచారంతో చేయగలిగిన పనుల్నీ ఒక్కచోట కట్టి ఉంచిన ప్రోగ్రాం ముక్క. బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో మీ ఖాతా ఒక ఆబ్జెక్టు. నిల్వ ఎంతుందో అందులో ఉంటుంది, డబ్బు జమ చేయడం, తీయడం దానికి తెలుసు. ఇలాంటి పనుల్ని మెథడ్లు అంటారు. తెర మీద కనిపించే బటన్ ఒక ఆబ్జెక్టు. ఆ బటన్ ఉన్న ఫారం మరో ఆబ్జెక్టు. ఇలాంటివి వందలూ వేలూ ఒకదాన్నొకటి పిలుచుకుంటూ పని నడిపిస్తాయి. పిలవడమంటే మరేం లేదు, ఫలానా పని చేసిపెట్టు అని అడగడమే.

ఈ పద్ధతికి పుట్టిల్లు నార్వే. ఓస్లో నగరంలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ అనే ఇద్దరు 1967లో సిములా 67 అనే భాషను బయటపెట్టారు. క్యూలలాంటివి నిజ జీవితంలో ఎలా నడుస్తాయో కంప్యూటరులో నడిపి చూడటం వాళ్ల అసలు పని. దానికోసం చేసుకున్న ఏర్పాటే తర్వాత ప్రపంచమంతా వాడే పద్ధతయింది. 2001 సంవత్సరానికి ఇద్దరికీ కలిపి ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. మరుసటి ఏడు, కొన్ని వారాల తేడాతో ఇద్దరూ కన్నుమూశారు.

ఇక మన చిక్కు దగ్గరికి వద్దాం. జావా భాషలో గానీ సీ షార్ప్ భాషలో గానీ ‘న్యూ’ అని రాస్తే కొత్త ఆబ్జెక్టు పుడుతుంది. మెమరీలో దానికింత చోటు కేటాయిస్తారు, ఆ చోటు చిరునామా అడిగినవాళ్ల చేతికిస్తారు. అంటే పుట్టించినదానికి పుట్టినదాని చిరునామా తెలుసు. పుట్టినదానికి? దానికి తన చిరునామా మాత్రమే తెలుసు. జావాలో దాన్ని ‘దిస్’ అంటారు, పైథాన్‌లో ‘సెల్ఫ్’ అంటారు. నన్ను పుట్టించిందెవరు అన్నది దాని దగ్గర ఎక్కడా రాసి ఉండదు. భాషను తయారుచేసినవాళ్లు మరిచిపోయి వదిలేసింది కాదిది. తేదీలు చూపించే ఒక క్యాలెండరు ఆబ్జెక్టును ఒకసారి రాస్తే, రైల్వే వాళ్లూ ఆసుపత్రి వాళ్లూ కల్యాణమండపం వాళ్లూ అందరూ వాడుకోవాలి. పిలిచినవాళ్లెవరో దానికి తెలియకపోవడమే దాని విలువ.

క్యాలెండరు అన్నాను కాబట్టి దాన్నే పట్టుకుందాం. రైలు టికెట్టు బుక్ చేసుకునే ఫారం తెరిచారు. ప్రయాణం తేదీ అన్నచోట చిన్న బొమ్మ ఉంటుంది, దాన్ని నొక్కితే క్యాలెండరు తెరుచుకుంటుంది. ఫారం అప్పటికప్పుడు క్యాలెండరు ఆబ్జెక్టునొకదాన్ని పుట్టించి తెర మీద నిలబెట్టిందన్నమాట. మీరు 14వ తేదీ మీద వేలు పెట్టారు. వేలు పడింది క్యాలెండరు మీద. కాబట్టి సంగతి క్యాలెండరుకు తెలుసు. తెలియాల్సింది మాత్రం ఫారానికి.

కొత్తగా నేర్చుకున్నవాళ్లకు ముందుగా తట్టే ఉపాయం ఒకటుంది. హైదరాబాదు అమీర్‌పేటలో గదుల నిండా కంప్యూటర్లు పెట్టి విజువల్ బేసిక్ నేర్పిన రోజుల్లో ఫారం1, టెక్స్ట్1, కమాండ్1 అనే పేర్లు వినని విద్యార్థి లేడు. ఆ సాఫ్ట్‌వేర్ తనంతట తాను పెట్టే పేర్లవి, మార్చుకునే ఓపిక చాలామందికి ఉండేది కాదు. క్యాలెండరు కోడులోనే ఒక్క లైను రాస్తారు: ఫారం1లో ఉన్న టెక్స్ట్1 పెట్టెలో ఈ తేదీ వేసెయ్. నడిపి చూస్తే పనిచేస్తుంది. పనిచేస్తుంది కాబట్టే ఆ లైను అక్కడ పాతుకుపోతుంది. కొన్నాళ్లకు తిరుగు ప్రయాణం తేదీ కూడా కావాలంటారు. అప్పుడు టెక్స్ట్1లో వేయాలా, టెక్స్ట్2లో వేయాలా అని ఒక ‘ఇఫ్’ చేరుతుంది. ఆ తర్వాత హోటల్ గది బుక్ చేసే ఫారం వస్తుంది, ఇంకో ‘ఇఫ్’. ఏడాది తిరిగేసరికి ఆ క్యాలెండరులో తేదీల లెక్క కంటే ఫారాల పేర్లే ఎక్కువుంటాయి. దాన్ని వేరే ప్రాజెక్టుకు తీసుకుపోదామంటే రైలూ హోటలూ కూడా వెంట బయల్దేరతాయి.

కాస్త అనుభవం వచ్చాక రెండో ఉపాయం తడుతుంది. క్యాలెండరును పుట్టించేటప్పుడే ఫారం తనను తాను దాని చేతికి ఇచ్చేస్తుంది. ఇదిగో, నేనే నీ పేరెంట్‌ని, గుర్తుపెట్టుకో అని. మొదటిదానికంటే మెరుగే, కనీసం ఏ ఫారమో పేరు పెట్టి వెతుక్కోనక్కర్లేదు. కానీ క్యాలెండరుకు కావలసింది తేదీ చెప్పడానికి ఒక దారి. ఇక్కడ ఫారం మొత్తం దాని చేతిలోకి వచ్చింది. ఇప్పుడది ప్రయాణికుల పేర్లు చెరిపేయగలదు, డబ్బు కట్టే బటన్ నొక్కగలదు, తలచుకుంటే ఫారాన్నే మూసేయగలదు. క్యాలెండరు రాసినవాడు బుద్ధిమంతుడే కావచ్చు. అయినా రేపే గడువనగా రాత్రి పదకొండింటికి, చేతికందిన మెథడ్‌ను పిలవకుండా నిగ్రహించుకునే ప్రోగ్రామర్లు ఎందరో నాకు అనుమానమే.

మన పెళ్లిళ్లలో వంటమేస్త్రిని మాట్లాడుకునే పద్ధతి ఒకసారి గుర్తుచేసుకోండి. పెళ్లికూతురి తండ్రి మేస్త్రిని పిలిచి ఐటాలు, ఆకుల లెక్క, అడ్వాన్సు అన్నీ మాట్లాడతాడు. అనుభవమున్న మేస్త్రి లేవబోయే ముందు ఒక్క మాట అడుగుతాడు: ‘వంట అయ్యాక ఎవరికి చెప్పమంటారండీ?’ ఆ రోజు తండ్రి పీటల మీద ఉంటాడు, వంటశాలలోంచి మనిషి వచ్చి పిలిస్తే లేవలేడు. అందుకని, ‘మా బావమరిదికి చెప్పవయ్యా, ఇదిగో నంబరు’ అంటాడు. మేస్త్రికి ఆ బావమరిది ఎవరో, ఏం ఉద్యోగమో అక్కర్లేదు. కబురు అందుకుని ఆయన బంతి వేయిస్తాడా, వియ్యాలవారి కోసం ఇంకో పావుగంట ఆగమంటాడా అన్నదీ మేస్త్రి పట్టించుకోడు. ఇదే మేస్త్రి రేపు ఇంకో ఊళ్లో గృహప్రవేశానికి పోతాడు, అక్కడా ఇదే మాట అడుగుతాడు. పని ఒప్పుకునేటప్పుడే కబురు ఎక్కడికి పంపాలో తెలుసుకుంటే చాలు, ఇంటి గుట్టంతా తెలియనక్కర్లేదు. పని అప్పజెప్పినవాడు ఒకరు, కబురు వినేవాడు ఇంకొకరు కావచ్చన్నది కూడా గమనించండి. నేను చెప్పదలచుకున్నదాంట్లో ముప్పాతిక ఈ ప్రశ్నలోనే ఉంది.

ప్రోగ్రామింగ్‌లో ఈ ప్రశ్న అడిగే పద్ధతులు చాలా ఉన్నాయి. ఒకటి ఇంటర్‌ఫేస్. ‘తేదీ ఎంచుకున్నారు’ అనే ఒకే ఒక్క మెథడ్ ఉన్న కాగితం మీది ఒప్పందం లాంటిది రాస్తాం. ఆ మెథడ్ ఉన్న ఆబ్జెక్టు ఏదైనా సరే క్యాలెండరుకు అభ్యంతరం లేదు. ఫారం ఆ ఒప్పందానికి కట్టుబడి తనను ఇస్తుంది. ఇచ్చింది ఫారమే అయినా క్యాలెండరుకు అందులోంచి ఆ ఒక్క మెథడే కనిపిస్తుంది, డబ్బు కట్టే బటన్ కనిపించదు.

ఇంకో పద్ధతి, వినేవాళ్ల పట్టీ ఒకటి పెట్టుకోవడం. 1970లలో అమెరికాలోని పాలో ఆల్టోలో, జెరాక్స్ పార్క్ అనే పరిశోధన కేంద్రంలో అలన్ కే, ఆడెల్ గోల్డ్‌బర్గ్, డాన్ ఇంగాల్స్ వంటివాళ్లు స్మాల్‌టాక్ అనే భాష చేశారు. ఆబ్జెక్టుల కంటే వాటి మధ్య నడిచే సందేశాలే అసలు సంగతని అలన్ కే తర్వాతి రోజుల్లో నొక్కి చెప్పాడు. ఆ భాషలో ఏ ఆబ్జెక్టయినా తన మీద ఆధారపడ్డవాటి పట్టీ ఒకటి ఉంచుకోవచ్చు. తనలో ఏదైనా మారినప్పుడు ‘చేంజ్డ్’ అని తనకు తానే చెప్పుకుంటుంది. వెంటనే పట్టీలో ఉన్న ప్రతిదానికీ ‘అప్‌డేట్’ అనే సందేశం వెళుతుంది. ఎవరెవరున్నారు, వాళ్లు విని ఏం చేస్తారు అన్నది చెప్పేదానికి తెలియదు. 1978-79లో అక్కడికి వెళ్లి పనిచేసిన ట్రిగ్వే రీన్‌స్కౌగ్ అనే నార్వే ఆయన, లెక్కలు దాచుకునే ఆబ్జెక్టును తెర మీద చూపించే ఆబ్జెక్టు నుంచి వేరు చేసి, మోడల్-వ్యూ-కంట్రోలర్ అనే పద్ధతికి రూపం ఇచ్చాడు. ఈనాటికీ ఇంటర్వ్యూలలో తప్పకుండా అడిగే ప్రశ్నల్లో అదొకటి. 1994లో గామా, హెల్మ్, జాన్సన్, వ్లిస్సిడీస్ అనే నలుగురు రాసిన డిజైన్ ప్యాటర్న్స్ పుస్తకంలో ఉన్న 23 పద్ధతుల్లో అబ్జర్వర్ అని ఒకటుంది. పాత స్మాల్‌టాక్ పట్టీకి దొరికిన కొత్త పేరే అది.

నాకు డెల్ఫీ అంటే ఇప్పటికీ కొంచెం పక్షపాతం. బోర్లాండ్ కంపెనీ 1995లో తెచ్చిన ఆ సాఫ్ట్‌వేర్‌ను ఇవాళ మన దగ్గర అడిగేవాళ్లు తక్కువ. కానీ మన చిక్కును అది విడదీసినంత శుభ్రంగా అంతకుముందు వచ్చినవి విడదీయలేదని నా అభిప్రాయం. డెల్ఫీలో ఒక బటన్‌ను పుట్టించాలంటే మొదట ‘ఓనర్’ ఎవరో చెప్పాలి. ఓనర్ పోయినప్పుడు ఆ బటన్‌ను కూడా మెమరీలోంచి తీసేస్తారు. ఆ తర్వాత ‘పేరెంట్’ ఎవరో చెప్పాలి. తెర మీద బటన్ ఎవరి ఒళ్లో కూర్చుంటుందో అది పేరెంట్. మూడోది ‘ఆన్ క్లిక్’. బటన్ నొక్కినప్పుడు ఎవరికి చెప్పాలో అక్కడ రాస్తాం. ఈ మూడూ మూడు వేరువేరు ఆబ్జెక్టులు కావచ్చు. అసలు ఆ బటన్‌ను పుట్టించిన కోడు నాలుగోచోట ఉండవచ్చు. మనం ఇందాకటి నుంచీ ‘పుట్టించినది’ అని ఒకే మాటతో అంటున్నదాంట్లో నాలుగు పాత్రలు కలిసిపోయి ఉన్నాయి. పుట్టించినవాడు వేరు, తీసేసే బాధ్యత ఉన్నవాడు వేరు, చోటిచ్చినవాడు వేరు, మాట వినేవాడు వేరు. చాలా ప్రోగ్రాములలో తికమకంతా ఈ నలుగుర్నీ ఒకరే అనుకోవడం వల్ల వచ్చేదే.

ఆ ‘ఆన్ క్లిక్’ లోపల ఏముంటుందో కాస్త దగ్గరగా చూద్దాం. పైకి చూస్తే ఒక మెథడ్ పేరు ఇచ్చినట్టుంటుంది. మెమరీలో చూస్తే రెండు చిరునామాలు పక్కపక్కన ఉంటాయి. ఒకటి ఏ కోడు నడపాలో చెప్పేది, రెండోది ఏ ఆబ్జెక్టు మీద నడపాలో చెప్పేది. ఆనాటి 32 బిట్ల కంప్యూటర్లలో ఒక్కోదానికి 4 బైట్లు, వెరసి 8 బైట్లు. వినేవారి గురించి బటన్ దగ్గర ఉండేదల్లా ఈ 8 బైట్లే. వినేది ఫారమా, ఇంకేదైనానా అని కూడా దానికి తెలియదు. నొక్కినప్పుడు ఆ రెండు చిరునామాలను కలిపి పిలుస్తుంది, వెంట ‘సెండర్’ అని తనను తాను పంపుతుంది. దానివల్ల పది బటన్లకు ఒకే మెథడ్ పెట్టినా, ఏది నొక్కారో వినేవాళ్లు తెలుసుకోగలరు. డెల్ఫీకి ప్రధాన శిల్పి అయిన అండర్స్ హెయిల్స్‌బెర్గ్ 1996లో మైక్రోసాఫ్ట్‌కు వెళ్లాడు, సీ షార్ప్ భాషకు రూపం ఇచ్చాడు. సీ షార్ప్‌లో డెలిగేట్లు, ఈవెంట్లు చూసినవాళ్లకు డెల్ఫీ పోలికలు ఇట్టే తెలిసిపోతాయి, ఆ ‘సెండర్’ అనే పేరుతో సహా.

డెల్ఫీ వచ్చిన 1995లోనే ఓస్లోకు చెందిన ట్రోల్‌టెక్ వాళ్లు క్యూట్ అనే సీ ప్లస్ ప్లస్ సాధనాన్ని విడుదల చేశారు. అందులోనూ కొత్త ఆబ్జెక్టుకు పేరెంట్‌ను ఇస్తాం, పేరెంట్ పోతే పిల్లలూ పోతాయి. కబుర్లకు మాత్రం సిగ్నల్, స్లాట్ అని వేరే దారి పెట్టారు. సిగ్నల్ పంపేదానికి అవతల ఎన్ని స్లాట్లు తగిలించి ఉన్నాయో, అసలున్నాయో లేదో పట్టదు. సిములా, రీన్‌స్కౌగ్, ఇప్పుడు క్యూట్. చల్లటి దేశం, తలుపులేసుకుని కూర్చుని ఇవే ఆలోచిస్తారేమో అనిపిస్తుంది నాకు.

జావా మొదట ఇంకో దారి తొక్కింది. 1996లో వచ్చిన మొదటి రూపంలో బటన్ నొక్కిన కబురు అది ఉన్న పెట్టెకు, అక్కడ పట్టించుకోకపోతే దాని పైపెట్టెకు, అలా మెట్టు మెట్టుగా పైకి పోయేది. చోటిచ్చినవాడే వినేవాడు కావాలన్నమాట. ఏడాది తిరిగేసరికి, 1997లో వచ్చిన 1.1లో ఆ పద్ధతి మార్చి, వినదలచుకున్నవాళ్లు ‘లిజనర్’గా పేరు నమోదు చేసుకునే పద్ధతి తెచ్చారు.

ఇంతవరకు పిల్ల ఆబ్జెక్టు కబురు చెప్పడం గురించే అనుకున్నాం. ఒక్కోసారి అది అడగాల్సి కూడా వస్తుంది. యాపిల్ కంప్యూటర్లలో వాడే కోకో అనే చట్రంలో, కిటికీ మూసే గుర్తును మీరు నొక్కగానే ఆ కిటికీ తన డెలిగేట్‌ను, అంటే తన తరఫున నిర్ణయం చెప్పే ఆబ్జెక్టును అడుగుతుంది: మూసుకోమంటారా? డెలిగేట్ అవునంటేనే మూసుకుంటుంది. రాసింది ఇంకా సేవ్ చేయలేదని మీకు హెచ్చరిక కనిపించేది ఇలాంటి ప్రశ్న వల్లే. ఐఫోన్‌లో పేర్ల జాబితా చూపించే ఆబ్జెక్టు కూడా అంతే, ఎన్ని వరసలున్నాయి, ఫలానా వరసలో ఏం చూపించాలి అని డేటా ఇచ్చేదాన్ని అడుగుతూనే ఉంటుంది. జాబితాకు తనదంటూ ఒక్క పేరు కూడా తెలియదు. అయినా లక్ష పేర్లు చూపించగలదు.

ఇప్పుడు పుస్తకాలు తొందరగా దాటిపోయే చోటికి వద్దాం. కబురు ఎవరికి చెప్పాలో తేలింది, సరే. ఎప్పుడు చెప్పాలి? కొన్ని ఆబ్జెక్టులు పుడుతూ పుడుతూనే, అంటే ఆబ్జెక్టును సిద్ధం చేసే కన్‌స్ట్రక్టరు అనే కోడు ఇంకా పూర్తికాకముందే కబురు పంపేస్తాయి. ఫారం ‘నా క్యాలెండరు’ అనే పెట్టెలో కొత్త ఆబ్జెక్టు చిరునామా వేసుకోవాలంటే కన్‌స్ట్రక్టరు ముగిసి చిరునామా చేతికి రావాలి. కబురు అంతకుముందే వచ్చింది. ఫారం ఆ కబురు అందుకుని, ఏదీ నా క్యాలెండరు అని పెట్టె తెరిచి చూస్తే ఖాళీ. జావాలోనైతే నల్ పాయింటర్ ఎక్సెప్షన్. కోడు పైనుంచి కిందికి ఎన్నిసార్లు చదివినా అన్నీ సరైన వరసలోనే కనిపిస్తాయి. అందుకే ఈ తప్పు దొరకడానికి ఒక్కోసారి పూట పడుతుంది.

దీనికి ఎదురు చివర ఇంకో ప్రమాదం. క్యాలెండరు ‘తేదీ ఎంచుకున్నారు’ అని కబురు పంపింది. ఫారం తేదీ తీసుకుని, ఇక నీతో పని లేదని అక్కడికక్కడే క్యాలెండరును మెమరీలోంచి తీసేసింది. కానీ క్యాలెండరు ఇంకా తన మెథడ్ మధ్యలో ఉంది. కబురు పంపడం ముగిశాక నడవాల్సిన లైన్లు ఇంకా మిగిలున్నాయి. ఫారం నుంచి తిరిగి వచ్చేసరికి తాను నిలబడ్డ చోటే లేదు. డెల్ఫీ, సీ ప్లస్ ప్లస్ లాంటి భాషల్లో ప్రోగ్రాం అక్కడికక్కడే కూలిపోవచ్చు. అంతకంటే ఘోరం, కూలిపోకుండా ఇంకెక్కడో చెడగొట్టి ఓ గంట తర్వాత కూలవచ్చు. ఇది ఎంత మామూలు ప్రమాదమంటే దీనికోసం ఆ సాధనాల్లోనే ఏర్పాట్లున్నాయి. డెల్ఫీ ఫారంలో ‘ఫ్రీ’ కాకుండా ‘రిలీజ్’ వాడమంటారు, క్యూట్‌లో ‘డిలీట్ లేటర్’ ఉంది. రెండింటి భావమూ ఒకటే: చేతిలో ఉన్న పని ముగించుకోనిచ్చి, ఆ తర్వాత తీసెయ్యి.

ఎక్కడి నుంచి చెప్పాలి అన్నది ఇంకొకటి. థ్రెడ్ అంటే ప్రోగ్రాంలో విడిగా నడిచే ఒక పని వరస. ఆండ్రాయిడ్‌లో ఒక తెరను ఏ థ్రెడ్ పుట్టించిందో ఆ థ్రెడ్డే దాన్ని ముట్టుకోవాలన్న నియమం ఉంది. వెనక ఎక్కడో ఫైలు దించుకుంటున్న ఆబ్జెక్టు, ‘సగం అయింది’ అని తన థ్రెడ్‌లోంచే నేరుగా పిలిచి తెర మీద అంకె మార్పించబోతే యాప్ ఆగిపోతుంది. కబురును ఒక క్యూలో పెట్టి, మెయిన్ థ్రెడ్ తన వంతులో తీసుకునేలా చేయాలి.

ఇక మెమరీ. ఎవరికి చెప్పాలో గుర్తుంచుకోవడమంటే పిల్ల ఆబ్జెక్టు తన దగ్గర ఒక రిఫరెన్సు, అంటే అవతలిదాని చిరునామా ఉంచుకోవడమే కదా. ఆ రిఫరెన్సు ఊరికే ఉండదు, అవతలి ఆబ్జెక్టును పట్టుకుని ఉంటుంది. పాత విజువల్ బేసిక్‌లో ప్రతి ఆబ్జెక్టుకూ ఒక లెక్క ఉండేది, తనను ఎంతమంది పట్టుకున్నారన్నది. లెక్క సున్నా అయితే మెమరీ ఖాళీ చేస్తారు. ఫారం క్యాలెండరును పట్టుకుంది, క్యాలెండరు ఫారాన్ని పట్టుకుంది. మీరు ఫారం మూసేశారు, దాన్ని వాడేవాళ్లు బయట ఎవరూ లేరు. అయినా క్యాలెండరు పట్టుకుని ఉంది కాబట్టి ఫారం లెక్క 1. ఫారం పట్టుకుని ఉంది కాబట్టి క్యాలెండరు లెక్కా 1. రెండూ ఎప్పటికీ పోవు. తెర మీద కిటికీ లేకపోయినా ప్రోగ్రాం మెమరీలోనే ఉండిపోయేది. ఇలా లెక్కపెట్టే పద్ధతిని జార్జ్ కాలిన్స్ 1960లో ప్రకటించాడు. చుట్టు తిరిగి కలిసే రిఫరెన్సుల దగ్గర ఇది పనిచేయదని 1963లోనే మెక్‌బెత్ అనే ఆయన ఎత్తి చూపాడు. ముప్ఫై ఏళ్లు గడిచాక కూడా ఫారాలు రాసేవాళ్లు అదే గుంటలో పడుతూ వచ్చారు.

దీనికి విరుగుడు, పట్టు లేని రిఫరెన్సు. ‘వీక్’ అంటారు. అవతలివాళ్లు ఉంటే చెప్తాను, పోతే పోనీ, నేను మాత్రం ఆపను అనే తీరు. యాపిల్ వాడే ఆబ్జెక్టివ్-సీ భాషలో డెలిగేట్‌ను లెక్కలో చేర్చకుండా ఉంచుకోవడం మొదటి నుంచీ ఆనవాయితీ. కాకపోతే పాత రోజుల్లో వినేది ముందే పోతే, పిల్ల దగ్గర దాని పాత చిరునామా అలాగే మిగిలేది. అక్కడికి కబురు పంపితే యాప్ కూలేది. 2011లో మెమరీ లెక్కలను, మన కోడును యంత్రభాషలోకి మార్చే కంపైలరుకే అప్పగించినప్పుడు, వినేది పోగానే ఆ చిరునామా దానంతటదే ఖాళీ అయ్యే వీక్ రిఫరెన్సులు వచ్చాయి. ఇవాళ యాపిల్ తర్వాత తెచ్చిన స్విఫ్ట్ భాష రాసేవాళ్లు ‘వీక్ సెల్ఫ్’ అని రోజుకెన్నిసార్లు టైపు చేస్తారో వాళ్లకే తెలియాలి.

జావాలో ఈ గొడవ లేదంటారు. అక్కడి గార్బేజ్ కలెక్టర్ లెక్కపెట్టదు, ప్రోగ్రాం నడుస్తున్న చోటు నుంచి దారి ఉందా లేదా అని చూస్తుంది. ఒకదాన్నొకటి పట్టుకున్న రెండు ఆబ్జెక్టులకు బయటి నుంచి దారి లేకపోతే రెండింటినీ ఊడ్చేస్తుంది. నిజమే. కానీ జావా చేసిన ఒక ఉపకారం వేరేచోట కొరికింది. 1.1లోనే ఇన్నర్ క్లాసులు వచ్చాయి, అంటే ఒక క్లాసు (ఆబ్జెక్టులను తయారుచేసే నమూనా) లోపల ఇంకో క్లాసు రాసుకోవడం. లోపలి ఆబ్జెక్టు బయటి ఆబ్జెక్టులోని మెథడ్లను సొంతవాటిలా పిలవగలదు, మనం ఏమీ ఇవ్వకుండానే. ఎలా? కంపైలరు మనకు చెప్పకుండా లోపలి ఆబ్జెక్టులో ఒక రహస్య పెట్టె పెడుతుంది. దాని పేరు ‘దిస్ డాలర్ జీరో’. అందులో బయటి ఆబ్జెక్టు చిరునామా ఉంటుంది, అదీ గట్టి పట్టుతో.

ఆండ్రాయిడ్‌లో దీని ఫలితం చూడండి. తెర ఒక యాక్టివిటీ. దాని లోపల హ్యాండ్లర్ అనే ఇన్నర్ క్లాసు రాసి, పది నిమిషాల తర్వాత గుర్తుచెయ్యి అని ఒక సందేశం పెట్టాం. ఆ సందేశం మెయిన్ థ్రెడ్ క్యూలో కూర్చుంటుంది. యాప్ ఉన్నంతకాలం ఆ క్యూ ఉంటుంది. సందేశం హ్యాండ్లర్‌ను పట్టుకుంది, హ్యాండ్లర్ రహస్య పెట్టెతో యాక్టివిటీని పట్టుకుంది. ఇంతలో మీరు ఫోను అడ్డంగా తిప్పారు. మనం వేరే ఏర్పాటు చేయకపోతే, ఫోను తిప్పగానే ఆండ్రాయిడ్ పాత యాక్టివిటీకి సెలవిచ్చి కొత్తది పుట్టిస్తుంది. పాతది పోవాలి. కానీ క్యూ నుంచి దానికి దారి ఉంది. దాని బొమ్మలు, జాబితాలు అన్నిటితో సహా పది నిమిషాలూ మెమరీలోనే ఉంటుంది. మళ్లీ తిప్పితే ఇంకోటి. మనం రాసిన కోడులో ఎక్కడా యాక్టివిటీ పేరు లేదు, రాయని రిఫరెన్సు చేసిన పని ఇది. అందుకే ఆండ్రాయిడ్ సాధనాలు, ఈ హ్యాండ్లర్ క్లాసును స్టాటిక్‌గా రాయండి, లేకపోతే మెమరీ లీకవుతుందని హెచ్చరిస్తాయి. స్టాటిక్ అంటే ఆ రహస్య పెట్టె ఉండదు. యాక్టివిటీతో మాట్లాడాలంటే మనమే ఒక వీక్ రిఫరెన్సు చేతికివ్వాలి.

ఇదంతా విని, ప్రతి ఆబ్జెక్టుకూ ఈవెంట్లు, అంటే ‘ఆన్ క్లిక్’లాంటి కబురు దారులు తగిలించుకుంటూ పోతారేమోనని నాకు భయం. అది ఇంకో రకం రోగం. ‘సేవ్’ నొక్కితే ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి పదిహేను ఫైళ్లు తెరిచి, ఎవరు ఎవరి కబురు వింటున్నారో వెతుక్కోవాల్సిన ప్రోగ్రాములు ఊరికే తయారుకాలేదు. ఎవరూ ఎవర్నీ ఎరగకపోవడం మంచిదని మరీ దూరం పోయినందువల్ల తయారయ్యాయి. ఒకే ఫారంలో, ఒకే చోట వాడే చిన్న ఆబ్జెక్టుకు నేరుగా పేరెంట్‌ను ఇచ్చేస్తే కొంప మునగదు.

అసలు ముందు అడగాల్సింది, పిల్ల ఆబ్జెక్టు నోరు విప్పాల్సిన అవసరం ఉందా అని. మన క్యాలెండరునే తీసుకోండి. డెల్ఫీలో దాన్ని ‘షో మోడల్’ అనే మెథడ్‌తో తెరిస్తే, అది మూసుకునేదాకా ఫారం కోడు ఆ లైను దగ్గరే ఆగి ఉంటుంది. మూసుకున్నాక ఓకే నొక్కారా, క్యాన్సిల్ నొక్కారా అన్నది జవాబుగా వస్తుంది. ఓకే అయితే తర్వాతి లైనులో ఫారమే క్యాలెండరును అడుగుతుంది: ఏ తేదీ? క్యాలెండరుకు ఫారం సంగతి తెలియదు, ఇంటర్‌ఫేస్ లేదు, ఈవెంట్ లేదు, లీకు లేదు. పుట్టించినదానికి పుట్టినదాని చిరునామా ఎలాగూ తెలుసు కదా, ఆ దారే వాడుకున్నాం. వెబ్ పేజీలలో అలా ఆగి కూర్చుంటే పేజీ మొత్తం బిగుసుకుపోతుంది కాబట్టి అక్కడ చాలాకాలం, పని అయ్యాక దీన్ని పిలువు అని ముందే ఇచ్చే కాల్‌బ్యాకులే దిక్కయ్యాయి. 2012లో సీ షార్ప్‌లోకి, 2017లో జావాస్క్రిప్ట్ ప్రమాణంలోకి అసింక్, అవైట్ వచ్చాక, పేజీని బిగించకుండానే, జవాబు వచ్చేదాకా ఆగినట్టు కోడు రాసుకునే వీలు కలిగింది. తేదీలాగా జవాబు ఒక్కసారే వచ్చేదైతే నేను ఇప్పుడు అదే వాడమంటాను. ఫైలు ఎంతశాతం దిగిందన్నది పదేపదే వచ్చే కబురు, దానికి ఈవెంట్ ఉండాల్సిందే. పని పూర్తయ్యాక ఆ ఈవెంట్ నుంచి పేరు తీసేసే లైనును కూడా, పేరు చేర్చిన రోజే రాసి పెట్టుకోండి.